హాలిస్ గారు పెట్టిన చుక్కలు

సభకు అధ్యక్షత వహిస్తున్న జడ్జి విల్మా స్ట్రిక్‌ల్యాండ్ గారికి, ప్రార్థనను నాలుగు ముక్కల్లో ముగించి మా ఆకలిని గౌరవించిన పాస్టరు గారికి, వేయించిన కోడి, బటర్ బీన్స్, అరటిపండు పుడ్డింగు ఇళ్లలో వండి ఇక్కడిదాకా మోసుకొచ్చిన తల్లులందరికీ, దక్షిణ జార్జియా జిల్లాలన్నిటి నుంచీ కార్లేసుకొచ్చిన కోచ్‌లకీ, వెనక గోడకి ఆనుకుని నిలబడి ఇప్పటికే గడియారం చూసుకుంటున్న మిత్రులకీ, ఈనాటి సన్మానానికి కారకులైన హాలిస్ బర్డెట్ గారికీ, ఆయన్ని ఇన్నాళ్లూ భరించిన ఆయన ఇల్లాలు మెర్ల్ ఆన్ గారికీ నమస్కారాలు.

నన్ను ఎరగనివాళ్లు ఈ హాల్లో నలుగురైదుగురు ఉంటే ఉండొచ్చు. నా పేరు కార్డెల్ మేబ్రీ. ఈ ప్రూయిట్ హైస్కూల్లోనే పగలు పిల్లలకి కారు నడపడం నేర్పుతాను, సాయంత్రం ఫుట్‌బాల్ జట్టుకి కోచ్‌గా ఉంటాను. రెండు పనుల్లోనూ నా జీతం బ్రేకు ఎప్పుడు వెయ్యాలో అరిచి చెప్పడానికే. అసలు పరిచయం అది కాదు. హాలిస్ గారు తన ఉద్యోగ జీవితంలో చేసిన అతి పెద్ద పొరపాటు ఏది అని ఈ రాష్ట్రంలో ఏ మంగలి కుర్చీలో కూర్చున్నవాణ్ణి అడిగినా చెప్పే పేరు నాది. (నవ్వులు)

మామూలుగా రిటైరయ్యే పెద్దమనిషి తన ఘనకార్యాల్ని వేదిక ఎక్కిస్తాడు. హాలిస్ గారు ముందుగా గుర్తుపట్టి పేరు తెచ్చిపెట్టిన కుర్రాళ్లు ఆదివారం పూట టీవీలో కనిపిస్తూనే ఉంటారు, ఒక్క ఫోను చేస్తే రెక్కలు కట్టుకుని వాలేవారు, మనకి ఫొటోలు కూడా దక్కేవి. ఈయన వాళ్లెవర్నీ పిలవలేదు. పోయిన నెల మా ఇంటికొచ్చి, వరండాలో కూర్చుని, మా ఆవిడ రెనీ ఇచ్చిన టీ మొత్తం తాగి, "కార్డెల్, నా గురించి నువ్వు మాట్లాడాలి" అన్నారు. నేనెందుకండీ అన్నాను. "మిగతావాళ్లు నన్ను పొగుడుతారు. నాకు నిద్రొస్తుంది" అన్నారు. అందుకని ఈ పూట ఆయనకి నిద్ర రాకుండా చూసే బాధ్యత నాది.

ఆయన చేసిన పని ఏమిటో మీకు నేను చెప్పాలా? హైస్కూలు చివరి సంవత్సరంలో ఉన్న కుర్రాణ్ణి చూసి, వీడు రేపు యూనివర్సిటీ జట్టులో ఎంతటివాడు అవుతాడో ఇవాళే తేల్చి, ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాల్లాంటి చుక్కలు పెట్టడం, ఐదంటే అందరికన్నా మేటి. ఆ చుక్కలు అచ్చయ్యే పత్రికకి చందా కట్టి చదివే జనం మనం. కాస్త ఆగి చూసుకుంటే సిగ్గేస్తుంది కానీ, నెరిసిన తలలతో, మనవలున్నవాళ్లం, పక్క జిల్లాలో ఇంకా మీసం సరిగ్గా రాని కుర్రాడు ఏ యూనివర్సిటీకి వెళ్తాడోనని అన్నం సహించక తిరిగేవాళ్లం. డెల్మర్, నువ్వు అటు చూడకు, నీ మంగలిషాపులోనే జరుగుతుంది ఇదంతా. చుక్క తగ్గించినందుకు హాలిస్ గారికి సగం గడ్డం గీసి కుర్చీలో వదిలేసింది నువ్వే కదా.

("మిగతా సగం మర్నాడు గీశానుగా" అని డెల్మర్. నవ్వులు.)

గీశాడు. ఆయన ఆ ఒక్కరోజూ సగం గడ్డంతోనే రెండు స్కూళ్లకి వెళ్లి, ఇద్దరు కుర్రాళ్లని చూసి వచ్చారు. ఎవరేమన్నా పని ఆపే మనిషి కాదు.

ఆయన పనితనం గురించి కోచ్‌లకి ఒక సంగతి గుర్తుచేస్తాను. కుర్రాడి ఎత్తు విషయంలో ఏ కోచ్ మాటా నమ్మడానికి వీల్లేదని ఆయనకి మొదటి ఏడాదే తెలిసిపోయింది. కాగితం మీద ఆరడుగుల నాలుగంగుళాలు ఉన్నవాడు కళ్లెదుట నిలబడేసరికి ఆరడుగుల రెండు. ఆ రెండంగుళాలూ ఎక్కడివని అడిగితే "పొద్దున్న కొలిచామండీ, సాయంత్రానికి కుంగాడు" అనేవాళ్లు. టేపు తీస్తే కోచ్‌లకి అవమానం. అందుకని ఆయన ఒక ఉపాయం పన్నారు. ఏ స్కూలు వ్యాయామశాలకి వెళ్లినా గుమ్మం పక్కన కూల్‌డ్రింకు మెషీను ఉంటుంది, అన్నీ ఒకే కొలత. "అబ్బాయ్, దాహంగా ఉంది, ఒక డబ్బా తెచ్చిపెట్టు" అని కుర్రాణ్ణి పంపించి, వాడి తల మెషీను మీద ఏ గీత దగ్గరికి వచ్చిందో ఇటునుంచి చూసుకునేవారు. పాపం ఆ చూపు కోసం ఆయన తాగిన కూల్‌డ్రింకుల వల్లే డాక్టరు ఇప్పుడు పంచదార మాన్పించాడు.

ఇక్కడే కోచ్ డాయల్ ఫౌంటెన్ గారి గొప్పతనం చెప్పుకోవాలి, నాకు ఆట నేర్పిన గురువు, అదుగో ఆ మూల రెండో పళ్లెం పుడ్డింగు తింటున్న ఆయనే. సంగతి ఎలా పసిగట్టారో, ఒక వేసవి సెలవుల్లో మా స్కూల్లో మెషీనుకి కింద ఉండే నాలుగు కాళ్లూ ఊడదీయించి నేల మీద కూర్చోబెట్టారు. ఆ ఏడాది ప్రూయిట్ కుర్రాళ్లంతా ఒక్కసారిగా పొడుగైపోయారు. హాలిస్ గారు అలాగే రాసేశారు. తర్వాత పక్క ఊరి కోచ్ చూసిపోయి తనూ ఊడదీశాడు, ఆ పక్కవాడూ ఊడదీశాడు, చివరికి ఈ చుట్టుపక్కల కాళ్లున్న మెషీను ఒక్కటీ లేకుండా పోయి, అందరూ మళ్లీ సమానమైపోయారు. కంపెనీవాడు వచ్చి, చెదలు పట్టిందా అని అడిగాడట. (నవ్వులు)

సరే, ఆటపట్టించడం పక్కన పెట్టి ఒక న్యాయమైన మాట చెబుతాను. హాలిస్ గారి చుక్కలు నమ్మొచ్చా? ఇరవై ఏళ్లకి పైగా నేను దీన్నే నమిలి నమిలి ఉన్నాను, నాకన్నా అర్హుడు మీకు దొరకడు. వందమందిని కలిపి చూడండి, నమ్మొచ్చు. ఆయన ఐదు పెట్టినవాళ్లలో పైకి వచ్చినవాళ్ల వంతు, రెండు పెట్టినవాళ్లలో వచ్చినవాళ్ల వంతుకన్నా చాలా ఎక్కువ. అయితే ఐదువాళ్లు గుప్పెడు మంది, రెండువాళ్లు ఈ దేశం నిండా. అందుకని ఏ ఆదివారం టీవీ పెట్టినా ఎవరూ చుక్క పెట్టని కుర్రాడు ఒకడు బంతి పట్టుకుని పరిగెడుతూనే ఉంటాడు, డెల్మర్ షాపులో నలుగురు లేచి "హాలిస్‌కి కళ్లు లేవు" అంటూనే ఉంటారు. రెండూ నిజమే. పంట మొత్తం మీద ఆయన జోస్యం చెబుతారు; మనం ఎప్పుడూ ఒక్క మొక్క గురించి అడుగుతాం. పదిహేడేళ్లవాడి మోకాలు ఎన్నాళ్లు నిలుస్తుందో, ఇంటి మీద బెంగ ఎంత పెట్టుకుంటాడో, ఏ పిల్ల వాణ్ణి ఎప్పుడు వదిలేస్తుందో ఎవరు కొలవగలరు? మా ఇంట్లో పదిహేడేళ్లది ఒకతి ఉంది, సాయంత్రం భోజనానికి ఏం తింటుందో నేను చెప్పలేను.

ఇక నా సంగతికి వస్తాను. జడ్జి గారూ, ఇందులో మీ కుటుంబం పేరు కూడా వస్తుంది, క్షమించాలి.

నేను చివరి సంవత్సరంలో ఉన్నప్పుడు అక్టోబరులో ఒక శుక్రవారం మా మైదానంలో ఆట జరిగింది. కుండపోత. నా పని ఏమిటంటే ఎదుటి జట్టులో బంతి విసిరేవాడు విసిరేలోపే వాడి మీద పడి నేల కరిపించడం. ఆ రోజు స్టాండ్లలో మా నాన్నా, బాజా వాయించేవాళ్లూ కాకుండా, అన్నిటికన్నా పై మెట్టు మీద గొడుగు వేసుకుని, ఉడికించిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఒక మనిషి కూర్చున్నాడు. ఆయన ఈయనే. ఆట చివరిదాకా ఉండి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయారు. నెలపాటు ఏమీ రాయలేదు.

నవంబరులో జడ్జి గారి మేనత్త యూడోరా గారు కాలం చేశారు. మంచి మనిషి, ఊరంతా వెళ్లింది. చర్చి ఆవరణలో కార్లు నిండిపోయి, ఆలస్యంగా వచ్చినవాళ్లు పక్కనున్న మా స్కూలు ఆవరణలో ఆపుకున్నారు. వాళ్లలో ఒకాయన ఒక పెద్ద యూనివర్సిటీ జట్టులో సహాయ కోచ్, యూడోరా గారికి ఎటునుంచో వేలువిడిచిన చుట్టం. కారు తలుపు మీద ఆ యూనివర్సిటీ ముద్ర, ఇంత పెద్దది. ఆయన అటు పాట పాడి, కన్నీళ్లు తుడుచుకుని, భోజనం చేసి వచ్చేలోపు ఇటు ఊరంతా గుప్పుమంది. ప్రూయిట్ హైస్కూల్లో ఫలానా వాళ్ల కారు మూడు గంటల నుంచీ ఆగి ఉందట. ఎవడి కోసమో వచ్చారట.

హాలిస్ గారికి ఫోను వెళ్లింది. ఆయన వెంటనే ఫౌంటెన్ గారికి చేశారు. వాళ్ల మాటలు ఫౌంటెన్ గారు మాకు ఇప్పటికి వెయ్యిసార్లు చెప్పారు కాబట్టి నాకు కంఠస్థం.

"డాయల్, వాళ్లొచ్చింది మేబ్రీ కుర్రాడి కోసమేనా?"

"ఆ మాట నేను చెప్పకూడదు హాలిస్."

"అంటే అవుననేగా?"

"నేను అవునని అన్నానా? నువ్వే అన్నావు."

అబద్ధం ఆడలేదు చూడండి. ఆ వారంలోనే నా పేరు పక్కన ఐదు చుక్కలు పడ్డాయి. అంత పెద్ద జట్టువాళ్లు అంత పనిగట్టుకుని వచ్చారంటే, తను చూడనిదేదో వాళ్లు చూసి ఉంటారని ఆయన అనుకున్నారు. ఆ చుక్కలు చూసి అటు ఆ సహాయ కోచ్ గుండె గుభేలుమంది, అంతటి కుర్రాడి ఇంటి గుమ్మం దాకా వెళ్లి అంత్యక్రియలు చూసుకుని వచ్చేశానా అని. మర్నాడే నిజంగా వచ్చాడు. అతను వచ్చాడని ఇంకో యూనివర్సిటీ, వాళ్లిద్దరూ వచ్చారని మూడోది. చుక్కల్ని చూసి కోచ్‌లు, కోచ్‌లని చూసి చుక్కలు. ఈ మధ్యలో నా ఆట వైపు చూస్తున్నవాడు ఎవడయ్యా అంటే, వానలో తడిసిన మా నాన్న. (నవ్వులు)

ఫిబ్రవరిలో టోపీల రోజు వచ్చింది, ఏ యూనివర్సిటీలో చేరతాడో కుర్రాడు దాని టోపీ పెట్టుకుని అందరికీ చెప్పే రోజు. ఇదే హాలు, ఆ గోడ దగ్గరే బల్ల వేశారు. మూడు యూనివర్సిటీల టోపీలు వరసగా పెట్టి, వెనక మమ్మల్ని కూర్చోబెట్టారు. మా నాన్న లెమ్యూల్ మేబ్రీ టైర్ల షాపు మూసేసి, గోళ్లలో నలుపు పోయేదాకా రుద్దుకుని, మా అమ్మ అంత్యక్రియలకి తప్ప వేసుకోని సూటు వేసుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేను టోపీ తీసి పెట్టుకోగానే హాలంతా లేచింది. ఆయన మాత్రం లేవలేదు. మిగిలిన రెండు టోపీలూ దుమ్ము దులిపి వరసగా సర్దుతూ కూర్చున్నాడు.

ఆ తర్వాత కథ మీకు తెలుసు. నాలుగేళ్లు బెంచీ మీద కూర్చున్నాను. గాయం కాలేదు, తాగుడు పట్టలేదు, ఎవరితోనూ గొడవ పడలేదు. అలా అయితే చెప్పుకోవడానికి ఒక కారణమైనా ఉండేది. అందరికన్నా ముందు మైదానానికి వెళ్లేవాణ్ణి, అందరికన్నా వెనక వచ్చేవాణ్ణి, నా ముందున్నవాడు నాకన్నా ఒక్క అడుగు ముందే ఉండేవాడు. సెలవులకి ఇంటికి వస్తే డెల్మర్ షాపులో, "ఏంరా ఐదు చుక్కలూ, మిగతావాళ్లకి నీళ్లందిస్తున్నావా" అనేవాళ్లు. ఇప్పటికీ రోడ్డు మీద నా శిష్యుడెవడైనా కారు గుంటలోకి దింపితే, "ఐదు చుక్కల డ్రైవింగురోయ్" అంటారు. అనండి, ఫరవాలేదు. ఆ చుక్కల వల్లే నాకు ఫీజు లేకుండా చదువు వచ్చింది, ఆ చదువు దగ్గరే రెనీ కనిపించింది, ఈ ఉద్యోగం వచ్చింది. ఆ చుక్కలకి నేను ఋణపడే ఉన్నాను, ఇది వెక్కిరింపు కాదు.

కానీ మా నాన్న వెక్కిరించేవాడు కాదండీ. అదే నాకు కష్టం. ఆయన నమ్మాడు. చదువుకున్నవాళ్లు, తెలిసినవాళ్లు, నా కొడుకు దగ్గర ఐదు ఉన్నాయని రాశారు, ఉండే ఉంటాయి. మరి ఏమయ్యాయి? ఎప్పుడైనా టైరుకి పంక్చరు వేస్తూ వేస్తూ మధ్యలో ఆగి, "ఆ మోకాలు ఏమైనా నొప్పి పెట్టేదా నీకు, నాతో చెప్పలేదా?" అని అడిగేవాడు. లేదు నాన్నా అనేవాణ్ణి. ఆసుపత్రిలో చివరి వారం, నా చెయ్యి పట్టుకుని, కోపం ఏమీ లేకుండా, తాళంచెవి ఎక్కడ పెట్టావన్నట్టు అడిగాడు: "ఐదు ఇచ్చారు కదరా. ఎక్కడ పోయాయిరా అవి?"

దుప్పటి సర్ది, పడుకో నాన్నా అన్నాను. చేతిలో పెట్టినదాన్ని ఎక్కడో జారవిడుచుకున్నవాడిలాగే ఇన్నేళ్లూ ఈ ఊళ్లో తిరిగాను.

(వక్త మంచినీళ్లు తాగారు.)

అందుకే పోయిన నెల హాలిస్ గారు మా వరండాలో కూర్చుని అడిగినప్పుడు, మాట్లాడతాను కానీ ఒక షరతు అన్నాను. సభలో ఒక్క ప్రశ్న వేస్తాను, కూర్చున్న చోటినుంచే జవాబు చెప్పాలి, మొహమాటం పడకూడదు. సరేనన్నారు. ప్రశ్న ఏమిటని అడగలేదు. మెర్ల్ ఆన్ గారూ, మీరు కంగారు పడకండి. రెనీ అయితే ఇందాక కారులో కూడా వద్దంది. "ఏం చెబితే ఏం చేస్తావు? ఐదే అంటే తట్టుకోగలవా?" అంది. తట్టుకోగలనో లేదో తెలియదు. అడగకుండా మాత్రం ఉండలేను, ఆయన ఊరు వదిలి కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు.

హాలిస్ గారూ, జడ్జి గారి మేనత్త పోకముందు, ఆ కారు రాకముందు, ఫౌంటెన్ గారు ఫోనులో చెప్పకుండానే చెప్పకముందు, ఆ వానలో పై మెట్టు మీద కూర్చుని మీ కళ్లతో మీరు నన్ను చూశారు. ఇంటికి వెళ్లేటప్పుడు మీ మనసులో ఎన్ని?

(హాలిస్ గారు బల్ల మీద చేతులు ఆనించి మెల్లిగా లేచారు.)

"కూర్చునే చెప్పొచ్చండీ."

"ఇది లేచి చెప్పాలి" అన్నారు ఆయన. "మూడు."

"వెనకవాళ్లకి వినపడలేదు, కాస్త గట్టిగా చెప్పండి."

"మూడు అన్నాను. మంచి మూడు. చేతులు బలం, బుద్ధి బలం, అడుగు నెమ్మది. చిన్న యూనివర్సిటీలో నాలుగేళ్లూ ఆడేవాడివి. వానకి కారులోనే కూర్చున్న మెర్ల్ ఆన్‌తో ఇంటికెళ్తూ కూడా చెప్పాను."

"చెప్పారు" అన్నారు మెర్ల్ ఆన్ గారు. "వేరుశనక్కాయల పొట్టు కారంతా పోసి మరీ చెప్పారు."

"మరి మూడున్నర ఏమైనా..."

"మూడే, కార్డెల్. బేరాలాడకు."

(నవ్వులు. చాలాసేపు చప్పట్లు. వక్త కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.)

విన్నావు కదా డెల్మర్. ఆయనకి కళ్లున్నాయి. ఉన్నదున్నట్టు చూశాయి కూడా. ఒక కారు తలుపు మీద బొమ్మ చూసి ఆ కళ్లని ఆయనే నమ్మలేదు, అంతే. ఇక్కడున్న కోచ్‌లందరం రేపు పొద్దున్న మన పిల్లల ముందు నిలబడేవాళ్లమే, ఆ మాట మనకీ వర్తిస్తుంది. మన కళ్లెదుట ఆడుతున్న కుర్రాణ్ణి వదిలేసి, వాడి కోసం ఎవరి కారు వచ్చిందా అని ఆవరణ వైపు చూసే అలవాటు మనందరికీ ఉంది.

హాలిస్ గారూ, ఇంతమందిలో లేచి నిలబడి మీ పరువుని మీరే తగ్గించుకుని నాకు రెండు చుక్కలు కోసినందుకు, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నాకు ఎవరూ ఇంత మంచి బహుమతి ఇవ్వలేదు. మీరు, మెర్ల్ ఆన్ గారు కూతురి ఇంట్లో సుఖంగా ఉండాలి. మనవడు బంతి పట్టుకున్నప్పుడు మీరు వాడికి చుక్కలు పెట్టకుండా ఉండాలి. ఇంతసేపు ఓపిగ్గా విన్న జడ్జి గారికి, పెద్దలకి, కోచ్‌లకి, చల్లారిపోయిన కోడితో కూడా నన్ను భరించిన మిత్రులకి వందనాలు.

నేను త్వరగా బయల్దేరాలి. చర్చి వెనక మా నాన్న సమాధి దగ్గర కాసేపు ఆగాలి. ఆయన ప్రశ్నకి జవాబు బాకీ ఉంది. ఏవీ ఎక్కడా పోలేదు నాన్నా, నాకు ఉన్నవి మూడే, ఆ మూడూ వాడేశాను అని చెప్పి ఇంటికి వెళ్తాను. సెలవు.